లోతెంత, చూసేదెవరు

కుట్టుకొట్టు,
చలి మొదలైన వారం

అమ్మకి, చెల్లికి, మరిదిగారికి, పిల్లకి,

విడివిడిగా రాసే తీరిక లేక అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ బాగానే ఉన్నాం. అమ్మకి ఫోన్లో వినపడదు. అరిచి చెబితే ఆవిడకి తప్ప మా వీధిలో అందరికీ వినపడుతోంది. కాబట్టి ఎప్పట్లాగే కాగితమే మేలు. చెల్లీ, నిదానంగా చదివి వినిపించు.

మీ బావకి మోకాలు నొప్పి తగ్గింది. మళ్ళీ బడి వ్యాను నడుపుతున్నారు. వ్యానులో సగం సీట్లు ఖాళీ. మన పేటలో పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే కొత్త కాలనీలకి వెళ్ళిపోతున్నారు. మా వరసలో తెరిచి ఉండేవి ఇప్పుడు మూడు కొట్లే. నాది, మందుల షాపు, తాళాలాయనది. తాళాలాయన ఏమంటాడంటే, "జనం తాళాలు వేసుకుని వెళ్ళిపోతున్నంత కాలం నాకు గిరాకీయేనమ్మా, ఆ తర్వాతే ఉంది తంటా" అంటాడు.

ఇక కొత్త కబురు. పేటకి ఒక కేంద్రం వస్తోంది. మునిసిపాలిటీ స్థలం ఇచ్చి కట్టిస్తుంది, పెద్దాసుపత్రి వాళ్ళు డాక్టర్లనీ నర్సులనీ పంపిస్తారు, నడిపించే బాధ్యత మన వీధుల సంఘానిది. చిన్న ఆస్పత్రి, పనికెళ్ళే తల్లులు పసివాళ్ళని వదిలి వెళ్ళడానికి ఒక గది, కుట్టుపని నేర్పడానికి ఒక హాలు. బడి వెనకాల ఖాళీ స్థలంలో కడతారు. ఇంకా పునాది తియ్యలేదు గానీ బోర్డు పాతేశారు, ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు. సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. నేను అడగలేదు. వద్దనేలోపే చప్పట్లు కొట్టేశారు.

అమ్మా, నీ చలికోటుకి అస్తరు మార్చి దీనితోనే పంపిస్తున్నాను. బొత్తాలు పెద్దవి వేశాను, కళ్ళజోడు లేకుండానే పెట్టుకోవచ్చు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే కూతురి ఇంట్లో ఉంటూ కళ్ళజోడు పెట్టుకోని మనిషివి నువ్వొక్కదానివే.

మీ పెద్దది


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది

అక్కా,

మధ్యాహ్నం గిరాకీ లేదు. ఇంట్లో రాస్తే అమ్మ పక్కనే కూర్చుంటుంది, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

బడి వెనకాల ఖాళీ స్థలం ఎక్కడుంది? నేనూ ఆ పేటలోనే పుట్టాను. బడి ముందు రోడ్డు, పక్కన పోస్టాఫీసు, వెనక పాత వాటర్‌వర్క్స్ ప్రహరీ. ఆ ప్రహరీ లోపల ఉన్నవి రెండు తొట్లు. నలభై ఏళ్ళుగా అందులో నీళ్ళు లేవు కాబట్టి ఖాళీ అన్నావేమో.

నీ ఉత్తరం చదువుతుంటే సరిగ్గా ఆ ముక్క దగ్గర నా నోరు దానంతటదే "బస్టాండు పక్కన" అనేసింది. అమ్మ తల ఊపింది. బస్టాండు పక్కన కాలు పెట్టే చోటు కూడా లేదని ఆవిడకి తెలియకనా? ఏమీ అనలేదు. కోటు తొడుక్కుని బొత్తాలు పెట్టుకుని చూసుకుంది.

అన్న మునిగిపోయిన చోట కుట్టుపని నేర్పిస్తావా నువ్వు? ఉన్నదున్నట్టు రాయి. ఇకనుంచి ఇంటికి మామూలు ఉత్తరాలు రాయి, అసలు సంగతులు దుకాణం చిరునామాకి పంపు.

చెల్లి


కుట్టుకొట్టు, మిషను పక్కన

చెల్లీ,

నువ్వు పట్టేస్తావని తెలుసు. నీ దగ్గర దాచాలని కాదు, అమ్మ చెవిన పడకూడదని అలా రాశాను.

అవును, ఆ స్థలమే. చిన్న తొట్టి పూడ్చేసి దానిమీద ఆస్పత్రీ హాలూ కడతారు. దాని విషయంలో పేచీ లేదు. పెద్ద తొట్టిని ఏం చెయ్యాలన్న దగ్గరే సంఘం రెండుగా చీలింది. మందుల షాపాయన పూడ్చేసి పార్కింగు చెయ్యాలంటాడు. ఆస్పత్రికి వచ్చేవాళ్ళు బళ్ళెక్కడ పెట్టుకుంటారు అని ఆయన వాదన, అందులో తప్పేం లేదు. రెండోది, బాగుచేసి ఈతకొలను చెయ్యడం. ఇంజనీరు వచ్చి చూసి గోడలు ఇంకా గట్టిగానే ఉన్నాయన్నాడు. పెద్దాసుపత్రి ఎముకల డాక్టరమ్మకి కూడా ఇష్టమే. మోకాళ్ళ ఆపరేషనయిన వాళ్ళని నీళ్ళలో నడిపిస్తే తొందరగా కోలుకుంటారట.

ఈ రెండో మాట ముందు ఎత్తింది నేనే.

నీకప్పుడు ఐదేళ్ళు. ఏం జరిగిందో ఇంట్లో ఎవరూ నీకు సరిగ్గా చెప్పలేదు, అందుకని రాస్తున్నాను. సెలవులు. తమ్ముడికి పదకొండేళ్ళు. వాటర్‌వర్క్స్ కాపలావాడు నిద్రపోయాక పిల్లలంతా లోపలికి దూరి గట్టు మీద నడిచే పందెం వేసుకున్నారు. తమ్ముడు జారాడు. నీళ్ళు మనిషి లోతుకి కొంచెం ఎక్కువ, అంతే. గట్టు మీద అరడజను మంది పిల్లలున్నారు, ఒక్కడికీ ఈత రాదు. కేకలు విని వచ్చిన పెద్దవాళ్ళకీ రాదు. మునిసిపాలిటీ వాళ్ళు నీళ్ళు తోడించి ప్రహరీ ఎత్తు పెంచేశారు. ఆ తర్వాత మన పేటలో ఎవరూ ఏ పిల్లాడినీ నీళ్ళ దరిదాపులకి పోనివ్వలేదు.

పోయిన వానాకాలం వెనక వీధి రంగులాయన కొడుకు కాలవలో పోయాడు. ఇదీ నీకు రాయలేదు. వాడికి నేనే బడి యూనిఫారం కుట్టాను. ఒడ్డున వాడి స్నేహితులు ఉన్నారు. మళ్ళీ అదే కథ, ఒక్కడికీ ఈత రాదు. ఆ ఇంటికి వెళ్ళి వచ్చిన రోజునుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది.

అక్క


కళ్ళజోళ్ళ దుకాణం

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను, నాలుగుసార్లూ చించేశాను. ఇదైనా చించకుండా పంపిస్తానో లేదో.

నువ్వు పెద్దదానివి. నీకు తమ్ముడు గుర్తున్నాడు. నాకు అన్న లేడు, ఒక నిషేధం ఉంది. వానలో నిలబడకు. బక్కెట నిండా నీళ్ళు పట్టకు. బడి పిల్లలంతా సముద్రం చూడ్డానికి వెళ్తే నేను ఇంట్లో కూర్చుని గోధుమలు ఏరాను. అమ్మని ఒక్కమాట అడగడానికి లేదు. అన్న పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది. ఎలా ఉండేవాడో, లావుగా ఉండేవాడో సన్నగా ఉండేవాడో కూడా నీ దగ్గరే విన్నాను. "పిచ్చుకలా ఉండేవాడు" అని నువ్వంటే అదే పేరనుకున్నాను చాలాకాలం.

ఇప్పుడు నువ్వు నాకొకటి చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. నా కూతురికి ఈత వచ్చు. మూడేళ్ళనుంచీ నేర్చుకుంటోంది. నేనే చేర్పించాను. తడి బట్టలు ఎదురింట్లో ఆరేసి, జుట్టు ఆరేదాకా వాళ్ళింట్లోనే కూర్చుని వస్తుంది. అమ్మమ్మకి "ట్యూషన్" అని చెబుతుంది. మీ మరిది ఈ నాటకం చూసి, "మీ ఇంట్లో ఆడవాళ్ళని గూఢచారిశాఖలో వేసుకోవచ్చు" అంటారు.

కాబట్టి ఈతంటే నాకు పడక కాదు. కానీ ఆ తొట్టిలోనా? ఊళ్ళో ఇంకెక్కడా చోటు దొరకలేదా? మనవాడు పోయిన నీళ్ళలో పిల్లలు బంతులాడుకుంటుంటే నువ్వు గట్టున నిలబడి చూడగలవా? ఓటింగు రోజు నువ్వు చెయ్యెత్తకు. గెలిస్తే గెలవనీ, ఓడితే ఓడనీ, మన చెయ్యి మాత్రం అందులో ఉండకూడదు. రేపు అమ్మకి తెలిసినా "అక్క కాదమ్మా, సంఘం వాళ్ళు" అని చెప్పుకునే వీలుంటుంది నాకు.

చెల్లి


కుట్టుకొట్టు

అమ్మకి, అందరికీ,

ఇక్కడ పెద్ద విశేషాలేం లేవు. బోర్డు గాలికి పడిపోతే మళ్ళీ పాతారు, ఈసారి తలకిందులుగా. రెండ్రోజులదాకా ఎవరూ గమనించలేదు. తాళాలాయన మాత్రం "ఇప్పుడే సరిగ్గా ఉంది, పని ఏ దిక్కుగా నడుస్తోందో తెలుస్తోంది" అన్నాడు.

పిల్ల ట్యూషన్‌కి బాగా వెళ్తోందని విన్నాను. చదువు వంటపడుతున్నట్టుంది.

అమ్మా, కోటు భుజాల దగ్గర పట్టేస్తే చెప్పు, వదులు చేస్తాను.

మీ పెద్దది


కుట్టుకొట్టు,
ఎండలు ముదిరాక

చెల్లీ,

పిల్ల మీద వేసిన చెణుకుకి కోపం తెచ్చుకోకు. చెయ్యి ఊరుకోలేదు.

ఓటింగు అయిపోయింది. బడి హాల్లో పెట్టాం. ఫ్యాన్లు తిరగలేదు, జనం తిరిగారు. అర్ధగంట బాగానే నడిచింది. తర్వాత మందుల షాపాయన లేచి నా వైపు చూసి, "అమ్మా, మీరంటే నాకు గౌరవం. కానీ అడక్క తప్పదు. ఆ తొట్టిలో పోయింది మీ ఇంటి పిల్లాడే కదా. మీకెలా మనసొప్పుతోంది?" అన్నాడు.

ఆయన దురుసుగా అడగలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

నేను ముందే ఏదో రాసుకొచ్చాను, ఆ కాగితం ఎక్కడ పెట్టానో దొరకలేదు. నోటికి వచ్చింది చెప్పాను. "నీళ్ళున్నందుకు పోలేదండీ మావాడు. వాడికీ రాక, చుట్టూ ఉన్నవాళ్ళకీ రాక పోయాడు. అప్పుడు నీళ్ళు తోడేసి గోడ కట్టాం. పిల్లలు గోడ చుట్టుతిరిగి కాలవకి పోతున్నారు. ఇంకెన్ని గోడలు కడదాం?" అన్నాను. ఇంకా ఏదో అనబోయి కూర్చున్నాను.

రంగులాయన వెనక బెంచీలో ఉన్నాడు. కొడుకు పోయినప్పటినుంచీ ఏ మీటింగుకీ రాని మనిషి. ఆయన మాట్లాడలేదు, చెయ్యి మాత్రం ఎత్తాడు. ఇంకా ఎవరూ చేతులెత్తమని చెప్పనే లేదు. ఆయన్ని చూసి ఒక్కొక్కరే ఎత్తారు. నేనూ ఎత్తాను చెల్లీ. నువ్వు వద్దన్నావు, నీ మాట దాటాను. ఎత్తకుండా కూర్చుని ఉంటే ఆ తర్వాత రంగులాయన మొహం చూడలేకపోయేదాన్ని.

కొద్ది తేడాతో కొలను గెలిచింది. మందుల షాపాయన వచ్చి, "సరే, కట్టండి. బళ్ళు నా షాపు ముందు పెడితే మాత్రం ఊరుకోను" అని చెప్పి వెళ్ళాడు.

ఇప్పుడొక చిక్కొచ్చి పడింది. కొలనుకి తమ్ముడి పేరు పెడదామంటున్నారు. మునిసిపాలిటీ వాళ్ళకీ సమ్మతమే, రాతిమీద చెక్కిస్తామంటున్నారు. మంచి మనసుతోనే అంటున్నారు. కానీ ఇది నేనూ నువ్వూ తేల్చేది కాదు. అమ్మని అడగాలి. అడగాలంటే మొదటినుంచీ చెప్పాలి. ఎలా చెప్పాలో నాకు తోచడం లేదు.

అక్క


ఇల్లు, వంటగది బల్ల

అక్కా,

చూశావుగా, ఇంటినుంచే రాస్తున్నాను. అమ్మ ఎదురుగానే కూర్చుంది.

నీ ఉత్తరం సంచిలో పెట్టుకుని వారంరోజులు తిరిగాను. ఆదివారం పొద్దున నీ పాత ఉత్తరమేదో తీసి, అమ్మని మాటల్లో పెడదామని మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు చదివానో లేదో అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది చదివిందే కదా. కొత్తది చదువు."

"కొత్తది రాలేదమ్మా."

"నీ సంచిలో ఉంది. వారంనుంచీ సంచి నేల మీద పెట్టడం లేదు నువ్వు."

అమ్మే అంది, "నువ్వు ఉత్తరం చదివేటప్పుడు మధ్యమధ్య గాలి మింగుతావు. నాకు చెవులు మందమే గానీ కళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు గాలి మింగిన చోటల్లా ఏదో దాచావని లెక్క. బస్టాండు పక్కన స్థలం ఎక్కడుందే?"

ఇక దాచి ఏం లాభం. మొత్తం చదివేశాను. నువ్వు హాల్లో అన్న మాటలు కూడా. అమ్మ కదలకుండా వింది. రంగులాయన చెయ్యెత్తిన చోట మళ్ళీ చదవమంది. అప్పుడే పిల్ల నిద్రలేచి వచ్చింది, మా మొహాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అమ్మ దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎంతసేపు ఉండగలవు నీళ్ళలో?"

పిల్ల నా మొహం చూసింది. నేను నేల చూశాను.

"నీ తల దగ్గర ఈతకొలను నీళ్ళలో కలిపే మందు వాసన వస్తోంది మూడేళ్ళనుంచీ," అంది అమ్మ. "ట్యూషన్లో వాసనొస్తుందా ఎక్కడైనా?"

"మరి ఏమీ అనలేదేం అమ్మమ్మా?"

"అంటే మానేస్తావని."

అక్కా, మూడేళ్ళు మేమంతా ఆవిడ దగ్గర దాచాం, ఆవిడ మా దగ్గర దాచింది. ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. ఎదురింటావిడ తీగ మీద ఊరికే చోటు పాడుచేశాం.

కింద రాసేది అమ్మ చెబుతుంటే రాస్తున్నాను, ఒక్క ముక్క మార్చకుండా.

"పెద్దదానా, నువ్వు చేసింది చేశావు. నన్నడిగితే వద్దనేదాన్ని. అందుకే అడగలేదని నాకు తెలుసు. వాడి పేరు మాత్రం రాతిమీద వద్దు. రాస్తే వచ్చేపోయే వాళ్ళంతా ఎవరీ పిల్లాడు, ఏమయ్యాడు అని చెప్పుకుంటారు. ఎరగనివాళ్ళ నోట వాడి సంగతి నాకిష్టం లేదు. రెండు మాటలకి జవాబు రాయి. లోతెంత? నీళ్ళలో దిగినవాళ్ళని చూసేదెవరు? ఇంకేం అక్కర్లేదు. కోటు భుజాల దగ్గర పట్టేయడం లేదు."

అంతే చెప్పింది. చెప్పాక వెళ్ళి పడుకుంది. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఈ చివరి ముక్క సాయంత్రం రాస్తున్నాను, లేచి మామూలుగానే ఉంది.

చెల్లి


కుట్టుకొట్టు,
వానల్లో

అమ్మా,

ఈ ఉత్తరం నీకే. చెల్లీ, గాలి మింగకుండా చదువు.

పేరు వద్దని అప్పుడే చెప్పేశాను. ఎవరూ మారుమాట అనలేదు. వట్టిగా "పేట ఈతకొలను" అని రాస్తారు.

నువ్వు లోతు అడిగి ఏడాది దాటింది, పని పూర్తయ్యాకే చూసి రాద్దామని ఆగాను. పాత తొట్టి అడుగుని కాంక్రీటు పోసి పైకి లేపారు. ఈ చివర దిగితే నీకు నడుం దాకా వస్తాయి. అక్కణ్ణుంచి వాలుగా వెళ్ళి ఆ చివర నా గడ్డం దాకా వస్తాయి. అంతకంటే లోతు ఎక్కడా లేదు. నేనే నీళ్ళు నింపకముందు లోపలికి దిగి, ఈ చివరనుంచి ఆ చివరకి నడిచి వచ్చాను. మీ అల్లుడు పైన నిలబడి చూస్తూ ఉన్నారు.

చూసేవాళ్ళ సంగతి. కోచ్ ఒకావిడ, పెద్దాసుపత్రి పంపింది. గట్టు మీద ఎప్పుడూ ఇద్దరు కాపలా ఉండాలి. దానికి మన పేటవాళ్ళనే ఎంచి ఆరునెలలు శిక్షణ ఇప్పించారు. అందులో మందుల షాపాయన కోడలు ఒకతె. మామగారితో పోట్లాడి మరీ చేరింది. ఇప్పుడు ఆయనే వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు, "మా కోడలు మీ పిల్లల్ని చూస్తుంది, భయం లేదు" అని.

ఇంకేమైనా అడగాలంటే అడుగు.

పెద్దది


ఇల్లు

అక్కా,

అమ్మ ఇంకేమీ అడగలేదు. సంచి సర్దుకుంది. "వెళ్ళి చూసొస్తాను" అంటోంది. నాలుగు రోజులని చెబుతోంది గానీ చలికోటు కూడా పెట్టుకుంది, ఇంకా వానలే పోలేదు. మీ మరిది రైలెక్కిస్తారు. బావగారిని స్టేషనుకి రమ్మను.

రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ వీధిలోకి ఆవిడ కాలుపెట్టి నలభై ఏళ్ళయింది కదా. నీ ఇంటికి వచ్చినప్పుడు కూడా బస్టాండు వైపు చుట్టుతిరిగి వచ్చేది. జాగ్రత్త.

చెల్లి


కుట్టుకొట్టు

చెల్లీ,

నాలుగు రోజులన్న అమ్మ వచ్చి రెండు నెలలు దాటింది. నువ్వు మూడు ఉత్తరాలు రాసినా పొడిగా జవాబిచ్చానని నీ కోపం. ఏం జరుగుతోందో నాకే తేలక అలా రాశాను. ఇప్పుడు మొత్తం రాస్తాను.

మొదటి రోజు బడి దాకా వచ్చి వెనక్కి తిరిగింది. రెండోరోజు గేటు దాకా. మూడోరోజు నేను తోడు వెళ్ళబోతే "నువ్వు కొట్టు చూసుకో" అంది. వెళ్ళి గంటైనా రాలేదు. మిషను ఆపి పరిగెత్తాను. వెళ్ళేసరికి ఆడవాళ్ళ వేళ నడుస్తోంది. గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది, కోటు తొడుక్కుని. నీళ్ళ వైపు చూస్తూ పెదాలు కదుపుతోంది. జపమేమో అనుకున్నాను. దగ్గరికెళ్తే లెక్కపెడుతోంది. నీళ్ళలో ఉన్న తలల్ని.

మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. దిగేటప్పుడు ఎంతమందో లెక్కపెడుతుంది, మధ్యలో లెక్కపెడుతుంది, బయటికొచ్చేటప్పుడు లెక్కపెడుతుంది. కోచ్‌కి మొదట నచ్చలేదు. "మామ్మగారూ, మాకు కాపలా ఉందండీ, మీరు హాయిగా కూర్చోండి" అంది. అమ్మ "హాయిగానే కూర్చున్నానమ్మా" అని లెక్క సాగించింది.

పోయిన వారం గొడవైంది. పిల్లల వేళ. ఉన్నట్టుండి అమ్మ లేచి నిలబడి "ఒకడు తక్కువ!" అని అరిచింది. ఆవిడ అంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు, కొట్లోకి వినిపించి పరిగెత్తాను. కాపలావాళ్ళు ఈల వేసి అందర్నీ బయటికి లాగేశారు. మందుల షాపాయన కోడలు అప్పటికే నీళ్ళ అడుగున ఉంది. తీరా చూస్తే తక్కువైనవాడు బాత్రూంలో ఉన్నాడు. చెప్పకుండా వెళ్ళాడు. తల్లులు నవ్వారు, పిల్లలు నవ్వారు. అమ్మ నవ్వలేదు. కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఇంటికి తీసుకొచ్చాను. ఇక వెళ్ళదనుకున్నాను. మర్నాడు పొద్దున్నే కోటు తొడుక్కుని గుమ్మంలో ఉంది. వెనకే నేనూ వెళ్ళాను. కోచ్ పిల్లల్ని గట్టు మీద వరసగా నిలబెట్టి, "బాత్రూంకి వెళ్ళేవాళ్ళు ఎవరికి చెప్పి వెళ్ళాలి?" అని అడిగింది. పిల్లలంతా "మామ్మకి!" అన్నారు. అమ్మ తలూపి కూర్చుంది. ఆ కుర్చీలో ఇప్పుడు ఇంకెవరినీ కూర్చోనివ్వడం లేదు.

రంగులాయన రెండో కొడుకు నేర్చుకుంటున్నాడు. ఆయన గేటు బయటే నిలబడతాడు, లోపలికి రాడు. అమ్మ బయటికొచ్చేటప్పుడు ఆయనకి "వచ్చేస్తున్నాడు" అని చెప్పి వస్తుంది. వాళ్ళిద్దరి మధ్య మాటలు అంతవరకే.

మిగతా సంగతులు. మా వరసలో ఇంకో రెండు కొట్లు తెరిచారు. బస్సు మళ్ళీ మన పేట మీదుగా తిరుగుతోంది. అద్దెలు కూడా పెరుగుతున్నాయి, మా ఓనరు అప్పుడే గొంతు సవరించుకుంటున్నాడు. దాని సంగతి సంఘంలో తేల్చుకోవాలి. పార్కింగు విషయంలో మందుల షాపాయన చెప్పిందే నిజమైంది. సాయంత్రమైతే ఆయన షాపు ముందు బళ్ళే బళ్ళు. రోజూ తిడతాడు, రోజూ అవే బళ్ళవాళ్ళు ఆయన దగ్గరే మందులు కొంటారు.

అమ్మని ఎప్పుడు పంపమంటావు? నేనడిగితే వినపడనట్టు ఊరుకుంటోంది.

అక్క


ఇల్లు

అక్కా,

అమ్మని పంపొద్దు. మొన్న నేనొచ్చి నీ దగ్గర మూడు రోజులుండి అంతా చూశాక, పంపమనే మనసు నాకు లేదు. ఆవిడ గది పిల్లకి ఇచ్చేశాను.

నీకొకటి చెప్పకుండా వచ్చేశాను. రెండోరోజు నువ్వు మునిసిపాలిటీ మీటింగుకి వెళ్ళినప్పుడు నేను కొలనులో దిగాను. పిల్ల తన టోపీ ఇచ్చి పంపింది, సంచి అడుగున పెట్టి తెచ్చుకున్నాను. అమ్మకి చెప్పలేదు. మిగతా ఆడవాళ్ళ మధ్యలో తల వంచుకుని మెట్లు దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నడుం దాకా వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నలభై ఐదేళ్ళదాన్ని, చంటిపిల్లలా. మందుల షాపాయన కోడలు వచ్చి చెయ్యి పట్టుకుంది.

అమ్మ లెక్కపెడుతోంది. నా దగ్గరకొచ్చేసరికి ఆగింది. నేను చూస్తూనే ఉన్నాను. లేస్తుందేమో, అరుస్తుందేమో అనుకున్నాను. వేలు నా మీద పెట్టి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత పక్కావిడ మీదకి వెళ్ళింది.

కోచ్ తల ముంచమంది. ముంచాను. ఎలా ముంచానో, ఎలా లేచానో తెలియదు, ముక్కులోకీ చెవుల్లోకీ నీళ్ళు పోయి దగ్గుతూ గట్టెక్కాను. బట్టలు మార్చుకునే గదిలో చెవి పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతున్నాను. అమ్మ వచ్చింది. తువ్వాలు లాక్కుని, నన్ను బల్ల మీద కూర్చోబెట్టి నా తల తుడవడం మొదలుపెట్టింది, నా చిన్నప్పుడు తుడిచినట్టే, మెడ విరిగేలా. ఒక్క తిట్టూ తిట్టలేదు.

తుడుస్తూ తుడుస్తూ అంది, "వాడూ ఇంతే. తలకి పోస్తుంటే చెవిలో నాలుగు చుక్కలు పడేవి, వీధంతా గెంతేవాడు."

అంతే అంది. అన్న గురించి అమ్మ నాతో అన్న మొదటి మాట అది. ఇంకా చెబుతుందేమోనని కదలకుండా కూర్చున్నాను. జుట్టు ముడివేసింది, తువ్వాలు పిండింది. తర్వాత వేళవాళ్ళు వచ్చేస్తున్నారని చెప్పి కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఊరొచ్చి వారమైంది. ఎడమ చెవిలో ఇంకా నీళ్ళు కదులుతున్నట్టే ఉంది. మీ మరిది డాక్టరు దగ్గరికి వెళ్దామంటున్నారు. ఇంకో రెండ్రోజులు ఆగుదామన్నాను.

చెల్లి